అరుంధతీ, ఎస్టిమేటు కాగితమూ

(వీధి దీపాల వల్ల చుక్కలు కనబడకుండా పోవడం గురించి, శ్రీకాకుళం జిల్లా సోంపేటలో శివరాత్రికి రెండు రోజుల ముందు, పంచాయతీ సభ్యులూ ఉపాధ్యాయులూ వ్యాపారులూ కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి బాబూ, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఒక్క ప్రశ్న అడుగుతాను, నిజం చెప్పాలి. మీ పెళ్లిలో పంతులుగారు అరుంధతీ నక్షత్రం చూపించారు కదా? ఎంతమందికి కనబడింది? చేతులెత్తండి. ఇద్దరు... ముగ్గురు. మిగతావాళ్లంతా "కనబడిందండి" అనేసి పీటల మీద కూర్చున్నవాళ్లే. పగటి ముహూర్తం వాళ్లని వదిలేద్దాం, వాళ్ల తప్పేం లేదు.

సప్తర్షి మండలం తోకలో నడిమి చుక్క వశిష్ఠుడు. ఆయన్ని ఆనుకుని ఉన్న చిన్న చుక్క అరుంధతి. చుక్కల వెలుగుని కొలిచే లెక్క ఒకటుంది, మాగ్నిట్యూడ్ అంటారు. అంకె పెరిగేకొద్దీ చుక్క మసక. వశిష్ఠుడు రెండు పైచిలుకు, అరుంధతి నాలుగు. మంచి చీకట్లో మన కన్ను ఆరు, ఆరున్నర దాకా చూస్తుంది. కల్యాణ మండపం ఫోకస్ లైట్ల కింద నిలబడితే మూడు దాటితే గొప్ప. అంటే వశిష్ఠుడు ఉంటాడు, అరుంధతి ఉండదు. పంతులుగారు వేలు సరిగ్గానే చూపిస్తారు. చూపించిన చోట చుక్క కనబడదు, అంతే.

సరే, ఇక అసలు విషయం. ఈ ఊరికి అభివృద్ధి కావాలా, చీకటి కావాలా అని నన్ను అడిగారు. అభివృద్ధి ఎలాంటిది కావాలి అన్న ప్రశ్న సోంపేటకి కొత్తేమీ కాదు. 2010లో థర్మల్ ప్లాంటు వద్దని, బీల అనే చిత్తడి నేలల కోసం ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా? అక్కర్లేదు. ఇప్పుడు మూలపేటలో పోర్టు వస్తోంది, అటు భోగాపురంలో విమానాశ్రయం. పిల్లలకి ఉద్యోగాలు కావాలి, రోడ్లు కావాలి, రోడ్ల మీద లైట్లు కావాలి. లైట్లు వద్దని చెప్పడానికి నేను రాలేదు. వద్దంటే మీరు కూడా నన్ను ఇంత మర్యాదగా కూర్చోబెట్టరు.

నేను చెప్పేది ఒక్కటే. ఆకాశం పోర్టు వల్ల పోదు, రోడ్డు వల్ల పోదు. లైట్లకి ఎస్టిమేటు వేస్తాం చూడండి, ఆ కాగితం మీద పోతుంది. నాలుగైదు లైన్లు రాయకపోవడం వల్ల పోతుంది.

ఎలాగో చూద్దాం. రాత్రిపూట ఊరి మీద కనబడే తెల్లటి గొడుగు ఎక్కణ్ణించి వస్తుంది? మూడు దారులు. లైటు తిన్నగా పైకి కొట్టడం ఒకటి. నేల మీద పడి తిరిగి పైకి లేవడం రెండోది. మూడోది, అన్నిటికన్నా చెడ్డది, లైటు అడ్డంగా వెళ్లడం. దిగంతానికి కాస్త పైకి, అడ్డంగా వెళ్లిన వెలుగు గాలిలో ఎక్కువ దూరం పోతుంది, పోయిన దారంతా దుమ్మునీ తేమనీ వెలిగించుకుంటూ పోతుంది. మనది సముద్రపు గాలి, తేమ ఎక్కువ. అందుకని మనకి ఇంకా ఎక్కువ దెబ్బ.

రంగు కూడా ముఖ్యమే. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నిజానికి నీలం చిప్పు, దాని వెలుగు అల పొడవు 450 నానోమీటర్ల దగ్గర. దాని మీద పసుపు పూత పూసి తెలుపు చేస్తారు. నీలం గాలిలో ఎక్కువ చెదురుతుంది. పగలు ఆకాశం నీలంగా ఉండటానికీ అదే కారణం. 600 నానోమీటర్ల నారింజ రంగుతో పోలిస్తే 450 నీలం మూడు రెట్లకి పైగా చెదురుతుంది. బల్బు డబ్బా మీద 6500 కె, కూల్ డే లైట్ అని ఉంటుంది చూశారా? కె అంటే కెల్విన్, వెలుగు రంగుకి కొలత. దాంట్లో ఈ నీలం దండిగా ఉంటుంది. 3000 కె, వార్మ్ వైట్ అని ఉన్నదాంట్లో బాగా తక్కువ. పాత సోడియం లైట్లు పసుపుగా, దిగులుగా ఉండేవని తిట్టుకున్నాం కానీ ఆకాశానికి అవి ఇంత చెరుపు చేయలేదు. కరెంటు ఆదా కోసం ఎల్‌ఈడీ మంచిదే, నేను కాదనను. రంగు ఎంచుకునే చోట మనం పడుకున్నాం.

ఇక్కడ ఒకాయన తల ఊపుతున్నారు. "మా ఊరొక్కటీ మానేస్తే ఏమవుతుందండీ, అటు ఒడిశాలో బరంపురం ఉంది కదా" అని కదూ? మంచి ప్రశ్న. దీనికి లెక్క ఉంది. 1970లలో వాకర్ అనే ఖగోళ శాస్త్రవేత్త అమెరికాలో ఊళ్ల చుట్టూ కొలిచి ఒక సూత్రం ఇచ్చాడు. ఊరి జనాభాని నూరుతో భాగించి, దూరం కిలోమీటర్లలో తీసుకుని దాని రెండున్నర ఘాతంతో మళ్లీ భాగించండి. ఆ ఊరి వైపు ఆకాశం సగం ఎత్తులో ఎంత పెరిగిందో వస్తుంది. అమెరికా వాళ్ల లైట్లు వేరు, మన లైట్లు వేరు. అందుకని అంకెని పట్టుకోకండి, పోలికని పట్టుకోండి.

బరంపురం 2011 లెక్కల్లో మూడున్నర లక్షల జనాభా. ఇక్కణ్ణించి గీత గీస్తే నలభై అయిదు కిలోమీటర్లు పైన. లెక్క వేస్తే పావు వంతు వస్తుంది, అంటే ఆ దిక్కున ఆకాశం ఇరవై నాలుగు, ఇరవై అయిదు శాతం తెల్లబడుతుంది. ఇప్పుడు ఇరవై వేల జనాభా ఉన్న చిన్న ఊరు, పది కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. అరవై మూడు శాతం వస్తుంది! వినబడిందా? అరవై మూడు. మూడున్నర లక్షల నగరం చేసిన దానికి రెండున్నర రెట్లు, పక్కనున్న ఇరవై వేల ఊరు చేస్తుంది. దూరం అంత పనిచేస్తుంది. శ్రీకాకుళం ఇక్కణ్ణించి వంద కిలోమీటర్లు, అది ఒక్క శాతం దగ్గరే ఉంటుంది. కాబట్టి మన బారువ తీరంలో చుక్కలు ఉంటాయా పోతాయా అన్నది బరంపురం చేతిలో లేదు. ఈ గదిలో కూర్చున్నవాళ్ల చేతిలో ఉంది.

విజయనగరం వాళ్ల పరిస్థితి వేరు, పాపం. విశాఖ వాళ్లకి యాభై కిలోమీటర్లే. పదిహేడు లక్షల జనాభాతో లెక్క వేస్తే ఆ దిక్కు ఆకాశం దాదాపు రెట్టింపు. పైగా దగ్గరలోనే భోగాపురం. విమానాశ్రయంలో రన్‌వే దీపాలు, అడ్డంకులు చూపించే ఎర్ర దీపాలు భద్రతకి ఉన్నవి, వాటి జోలికి ఎవరూ పోకూడదు. ఆ చుట్టూ లేచే హోటళ్లు, కారు పార్కింగులు, హోర్డింగులు మాత్రం వేరే సంగతి. అక్కడి పంచాయతీలు ఇప్పుడే రాసుకోవాలి. తర్వాత రాస్తే స్తంభాలు పీకాలి. హైదరాబాదులో నిజామియా వేధశాల చూడండి. బేగంపేటలో ఉన్నప్పుడు అది ఊరి బయట. ఊరు వచ్చి మీద పడింది. 48 అంగుళాల పెద్ద టెలిస్కోపుని 1960ల చివర్లో ఊరికి దూరంగా జపాల్–రంగాపూర్‌లో పెట్టాల్సి వచ్చింది. టెలిస్కోపుని అలా దూరం తీసుకుపోగలిగారు. మన ఊరి ఆకాశాన్ని ఎక్కడికి తీసుకుపోతాం?

ఇప్పుడు డబ్బు మాట్లాడదాం. అమ్మా, మీరు అంగన్‌వాడీ టీచర్ కదా, ఆ బోర్డు మీద కాస్త రాయండి.

వీధి దీపాలకి మన దేశంలో ప్రమాణం ఉంది, ఐఎస్ 1944. లక్సు అంటే చదరపు మీటరు మీద పడే వెలుగుకి కొలత. పెద్ద రద్దీ రోడ్లకి 30 లక్సులు, తర్వాతి ప్రధాన రోడ్లకి 15, లోపలి వీధులకి రద్దీని బట్టి 8 లేదా 4. మన సందులకి నాలుగు నుంచి ఎనిమిది చాలు. ఆరు మీటర్ల సిమెంటు రోడ్డు, స్తంభానికీ స్తంభానికీ పాతిక మీటర్లు. అంటే ఒక్కో దీపం వంతు 150 చదరపు మీటర్లు. 24 వాట్ల ఎల్‌ఈడీ, వాటుకి 110 ల్యూమెన్లు (దీపం ఇచ్చే మొత్తం వెలుగుకి కొలత), మొత్తం 2,640. అందులో రోడ్డు మీద పడేది నలభై శాతం, దుమ్ముకీ వయసుకీ ఇరవై శాతం తీసేయండి. 845 మిగిలింది. 150తో భాగిస్తే అయిదున్నర లక్సులు. సరిపోయింది కదా? అదే సందులో 72 వాట్లది బిగిస్తే దాదాపు 17 లక్సులు, అంటే ప్రధాన రోడ్డు మీద ఉండాల్సిన వెలుగు మన పెరటి సందులో. పడుకున్నవాడి కళ్లలో పడుతుంది.

ఊళ్లో అలాంటి దీపాలు వెయ్యి ఉన్నాయనుకుందాం. దీపానికి 48 వాట్లు మిగులు. ఏడాదికి నాలుగు వేల గంటలు వెలుగుతుంది. లక్షా తొంభై రెండు వేల యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే ఏడాదికి పదమూడు లక్షల నలభై నాలుగు వేలు.

దీని పక్కన ఇంకో లెక్క రాయండి. ఖగోళ పర్యాటకం, ఖగోళ పర్యాటకం అని ఈమధ్య చాలామంది చెబుతున్నారు. లద్దాఖ్‌లో హాన్లేని 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆ పల్లెల వాళ్లకే టెలిస్కోపులిచ్చి నేర్పారు. మహారాష్ట్రలో పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో గుర్తింపు వచ్చింది, చుట్టుపక్కల పల్లెల వీధి దీపాలు కిందికి చూసేలా మార్చారు. మంచి పనులు. మనకి ఎంత వస్తుంది? మనకి జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు, తుపాన్లు. నవంబరు సగం నుంచి ఏప్రిల్ దాకా అయిదున్నర నెలలు. నెలలో చంద్రుడు అడ్డం లేని రాత్రులు పన్నెండు. మొత్తం అరవై ఆరు, మబ్బూ మంచూ పోగా నలభై అయిదు. అందులో శని, ఆదివారాలు పదమూడో పద్నాలుగో. రాత్రికి ముప్ఫై మంది వచ్చి తలా పదిహేను వందలు ఖర్చు పెడితే ఆరు లక్షల ముప్ఫై వేలు. ఖర్చులు పోకముందు.

చూశారా రెండు అంకెలూ? చుక్కలు చూడటానికి వచ్చేవాళ్ల వల్ల ఆరు లక్షలు. లైటు సరిగ్గా వేసుకుంటే పదమూడు లక్షలు. అందుకే లాడ్జీలు కట్టండి, రిసార్టు కట్టండి అని నేను అనను. హాన్లేతో పోటీ పెట్టుకోకండి, అది నాలుగు వేల మీటర్ల పైన ఎడారి, మనది ఉప్పుగాలి. టెలిస్కోపు అద్దం మీద అర్ధరాత్రికల్లా మంచు పట్టేస్తుంది, హెయిర్ డ్రయ్యరు దగ్గర పెట్టుకోవాలి. ఒక్క విషయంలో మాత్రం మనం గెలుస్తాం. మనం 19 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం, దక్షిణాన సముద్రం, సముద్రం మీద ఊళ్లు లేవు, లైట్లు లేవు. దక్షిణ శిలువ అనే నక్షత్రాల గుంపు ఇక్కడ పదకొండు డిగ్రీల ఎత్తుకి లేస్తుంది. హాన్లేలో అది దిగంతం దాటి పైకి రానే రాదు. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాడికి మనం చూపించగలిగింది అది.

సరే, ఎస్టిమేటు. పంచాయతీ సెక్రటరీగారు రాసుకుంటున్నారు, మంచిది.

మొదటిది, దీపం అడుగు చదునైన గాజు, వంపు సున్నా డిగ్రీలు. ఇది కాగితం మీద రాస్తారు కానీ స్తంభం మీద జరగదు. ఎందుకని? మన పాత బ్రాకెట్ పైపు పైకి పదిహేను డిగ్రీలు వంచి ఉంటుంది. దానికి ఎంత మంచి దీపం తొడిగినా అదీ పైకే చూస్తుంది. అందుకని "వంపు సర్దుబాటయ్యే బిగింపుతో" అని రాయండి. బిగించిన రాత్రి ఒక పని చేయండి. దీపం ఎత్తున ఉన్న మేడ మీదకి ఎక్కి చూడండి. దీపం గాజు మెరుస్తూ కనబడిందా, బిల్లు ఆపండి. కనబడకూడదు. వెలిగిన రోడ్డు కనబడాలి, వెలిగే గాజు కనబడకూడదు.

రెండోది, రంగు 3000 కె మించకూడదు. ఇందులో ఒక మోసం ఉంది. వార్మ్ వైట్‌కి అదే వాటులో వెలుగు పదో వంతు తక్కువ, కాంట్రాక్టరు అది పట్టుకుని "చాలదండీ" అంటాడు. పైన లెక్క చూపించండి, అయిదున్నరలో పదో వంతు పోయినా నాలుగు కన్నా ఎక్కువే. ఇంకో మోసం, మోసం కూడా కాదు, బద్ధకం. రెండేళ్లకి దీపాలు పోవడం మొదలవుతుంది. ఉప్పుగాలి, పిడుగులు, వోల్టేజీ. ఎలక్ట్రీషియను బజారుకి వెళ్తే అక్కడ ఉండేది 6500 కె ఒక్కటే. అది తెచ్చి పెడతాడు. అయిదేళ్లకి ఊరంతా తెలుపు! అందుకని వెయ్యి దీపాలు కొంటే యాభై విడివి అప్పుడే కొని పంచాయతీ గదిలో తాళం వేసి ఉంచండి. పదివేల వోల్టుల సర్జ్ రక్షణ, అంటే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసినా తట్టుకునేది, ఐపీ 66, అంటే దుమ్మూ నీళ్లూ లోపలికి పోనిది, అని కూడా రాయండి, చచ్చేవి తగ్గుతాయి.

మూడోది, రాత్రి పదిన్నర తర్వాత సగం వెలుగు. దీన్ని దీపం లోపలి డ్రైవరులోనే, అంటే కరెంటుని దీపానికి సరిపడా మార్చే ముక్కలోనే, పెట్టిస్తామంటారు. జాగ్రత్త. ఆ డ్రైవరుకి గడియారం ఉండదు. నిన్నా మొన్నా ఎన్ని గంటలు వెలిగిందో చూసి అర్ధరాత్రిని ఊహించుకుంటుంది. మధ్యలో కరెంటు పోయి వచ్చిందా, దాని లెక్క తప్పుతుంది, ఒంటిగంటకి పూర్తిగా వెలుగుతుంది, ఏడింటికి మసకబారుతుంది. మన ఊళ్లో కరెంటు సంగతి మీకు తెలుసు. అందుకని సీసీఎంఎస్ బాక్సు, అంటే వీధి దీపాలన్నిటినీ ఒకచోట నుంచి నడిపే పెట్టె, దాని నుంచే అన్ని దీపాలకీ ఒకేసారి సగం వెలుగు చేయించండి. రేవు దారి దీపాలు తెల్లవారుజామున మూడింటికే పూర్తి వెలుగుకి రావాలి, వేటకెళ్లేవాళ్లుంటారు. ఒక స్తంభం విడిచి ఒక స్తంభం ఆర్పేయడం మాత్రం చేయకండి. అది ఆదా కాదు, ప్రమాదం.

"చీకట్లో పాములండీ, దొంగలండీ, ఆడపిల్లలు ట్యూషన్ నుంచి వస్తారండీ" అంటారు. నిజమే. భయం నిజమే. కట్లపాము రాత్రే తిరుగుతుంది. కానీ పాము కనబడాలంటే ఏం కావాలి? నేల మీద సమానంగా పడిన వెలుగు. హైమాస్ట్, అంటే కూడలిలో పెట్టే ఎత్తైన ఫోకస్ లైట్ల స్తంభం, దాని కింద నిలబడి పక్క సందులోకి చూడండి, నల్లగా ఉంటుంది. కళ్లలో పడ్డ వెలుగుకి కంటిపాప ముడుచుకుపోతుంది, నీడలో ఉన్నది మనిషో గుంజో తెలీదు. ఎనిమిది ఫోకస్‌లు, ఒక్కోటి రెండు వందల వాట్లు, ఏడాదికి ఆరువేల నాలుగు వందల యూనిట్లు. అందులో ఎంతో భాగం కొబ్బరాకుల మీదా మేఘాల మీదా పడుతుంది. హైమాస్ట్ అంటే నాయకులకి ఎందుకిష్టమో నాకు తెలుసు, మీకూ తెలుసు. శిలాఫలకం పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. పెట్టాల్సి వస్తే ఫోకస్‌లు నేలకి సమాంతరంగా బిగించండి, అదొక్కటైనా.

తీరం గురించి రెండు మాటలు, ఇది చుక్కలకన్నా ముందు చూడాల్సిన విషయం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డున గుడ్లు పెడతాయి. యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. వాటికి తెలిసింది ఒక్కటే, ఎటు తెల్లగా ఉంటే అటు పాకడం. చీకటి తీరంలో తెల్లగా ఉండేది సముద్రం. మనం రోడ్డు పక్క లైటు పెడితే రోడ్డు తెల్లగా ఉంటుంది. తెల్లారేసరికి కుక్కల పాలు, కాకుల పాలు. తిత్లీ తుపానుకి ముందు కొబ్బరితోటలు, సరుగుడు తోటలు ఈ లైట్లకి అడ్డంగా ఉండేవి. 2018 అక్టోబరు 11న ఆ తెర చాలాచోట్ల పడిపోయింది. మళ్లీ నాటినవి ఎదిగేదాకా ఆ పని దీపాలే చేసుకోవాలి. తీరం వైపు దీపాలు నడుము ఎత్తు మించకుండా, అంబర్ రంగులో, అంటే ముదురు పసుపులో, 560 నానోమీటర్లకి పైన ఉన్న వెలుగుతో. రేవు దారివి వదిలేసి, మిగతావి జనవరి నుంచి మే దాకా తొమ్మిదింటికి ఆర్పేయాలి. పరీక్ష చాలా తేలిక. రాత్రి నీటి అంచున నిలబడండి. ఏ బల్బయినా తిన్నగా కంటికి కనబడితే, ఇసుక మీద మీ నీడ పడితే, అది తాబేలుకీ కనబడుతున్నట్టే. లైట్‌హౌస్ దీపాన్ని మాత్రం లెక్కలోంచి తీసేయండి, అది పడవల కోసం.

జాతర సీరియల్ సెట్లు, సంక్రాంతి దీపాలు, దసరా పందిళ్లు, వీటి గురించి నన్ను అడగకండి. నాలుగు రోజులు వెలిగి పోతాయి. నా గొడవ మూడు వందల అరవై అయిదు రోజుల లైటుతో.

ఎనిమిదిన్నర అవుతోంది. ఆవరణలో లైట్లు ఆపమని ముందే చెప్పాను, ఆపేశారు. బయటికి వెళ్దాం. సెల్‌ఫోన్లు జేబులో పెట్టండి, ఒక్కసారి వెలిగిస్తే కంటికి మళ్లీ ఇరవై నిమిషాలు పడుతుంది. టార్చి కావాలంటే ఎర్ర జిలుగు కాగితం కట్టినవి గుమ్మం దగ్గర ఉన్నాయి. అరుంధతి ఇప్పుడు దొరకదు, ఈశాన్యంలో కొబ్బరిచెట్ల వెనకే ఉంది, పదిన్నర దాకా ఉండేవాళ్లకి చూపిస్తాను. ముందు దక్షిణం చూడండి. చెయ్యి చాచి జానెడు కొలవండి, సముద్రం మీద జానెడు ఎత్తున ఒంటరిగా మెరిసేది అగస్త్యుడు. తర్వాత నెత్తికి పడమరగా పిల్లలకోడి, అదే కృత్తికలు. ఎన్ని చుక్కలున్నాయో ఎవరికి వారు లెక్కపెట్టి మాస్టారుగారి పుస్తకంలో రాయండి. పక్కవాడిని చూసి రాయకండి. ఆరు వస్తే మంచి ఆకాశం, నాలుగే వస్తే అదీ రాయండి. తర్వాత తూర్పున పుష్యమి, చిన్న పొగ మరకలా కనబడుతుందేమో చూడండి.

ఎల్లుండి శివరాత్రి, ఎలాగూ జాగారం. ఏటా శివరాత్రి అమావాస్య ముందే వస్తుంది, వాన లేని కాలంలో వస్తుంది, ఇంతకన్నా మంచి రాత్రి దొరకదు. గుడి దగ్గర సెట్లు ఉంచుకోండి, రేవు దగ్గర ఫోకస్‌లు మాత్రం అర్ధరాత్రి దాటాక రెండు గంటలకి ఒక అరగంట ఆపించండి. ఆ వేళకి దక్షిణ శిలువ సరిగ్గా సముద్రం మీద నిలబడి ఉంటుంది. నాలుగింటికి ఆగ్నేయంలో పాలపుంత లేస్తుంది. శివరాత్రికి కూడా కృత్తికల పుస్తకం తెచ్చుకోండి, అయితే రెండు గంటలకల్లా కృత్తికలు అస్తమిస్తాయి కాబట్టి ఆ లెక్క సాయంత్రమే పూర్తి చేయాలి. స్తంభాలు మార్చిన తర్వాత మళ్లీ ఇదే నెలలో, ఇదే వేళకి, ఇదే చోట నిలబడి లెక్కపెట్టాలి. లేకపోతే పోలిక కుదరదు. పుస్తకం ఎవరి దగ్గర ఉంటుందో ఇప్పుడే చెప్పండి, పేరు రాసుకుందాం. మెట్లు చూసుకుని దిగండి అమ్మా, మూడు మెట్లున్నాయి.